తోడు వచ్చినవారు బయట

జూన్ 28, శనివారం

ఏప్రిల్ పదిహేను, మంగళవారం పొద్దుటి సంగతి రాసుకోవాలనిపించింది. ఆ పొద్దున ప్రత్యేకంగా ఏమీ జరగలేదు.

నాలుగున్నరకు లేచాను. స్నానం చేసి దీపం పెట్టాను. వత్తి తడిగా ఉందేమో, రెండుసార్లు ఆరి మూడోసారి నిలిచింది. నూట ఎనిమిది నామాలు అయ్యేసరికి అమ్మ లేచింది. చాయ్‌లో అల్లం ఎక్కువైందని తాగకముందే చెప్పింది. వాసనకే తెలిసిపోతుందట. డెబ్బయ్యారేళ్లు వచ్చినా మోకాళ్లు తప్ప అన్నీ పదునుగానే ఉన్నాయి ఆమెకు. "సక్కూ, నీ కండ్లద్దాలు ఫ్రిజ్ మీద ఉన్నయ్. మళ్ల నన్ను అడగకు" అంది. తొందరలో తీసుకోకుండానే బయల్దేరాను.

చందానగర్ మార్కెట్ మీదుగా నడిస్తే మా క్లినిక్ పన్నెండు నిమిషాలు. కొత్తిమీర మూటలు దించుతున్నారు. నేను నర్సుగా చేరిన రోజు ఆరు మంచాలు, ఇప్పుడు ఇరవై. డాక్టర్ భీమేశ్వరరావుగారు అప్పుడూ ఇప్పుడూ ఒక్కరే. కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా 'అండి' వదల్లేదు. ఆ రోజు తన బీపీ తానే చూసుకుని, "ఈ పేషంటు మాట వినడండీ" అన్నారు.

తొమ్మిదిలోపు జ్వరాలు నాలుగు, కుట్లు విప్పడం ఒకటి, చెవిలో శనగగింజ ఒకటి. ఆ గింజ మొలకెత్తుతుందని బుడ్డోడు మూడు రోజులుగా ఎవరికీ చెప్పలేదట. తీసేస్తుంటే ఏడ్చాడు.

పదింటికి పుణ్యవతి అనే ఆమె ఒక పిల్లను తీసుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఇళ్లల్లోనే ఉండి పని చేసే అమ్మాయిలను కుదురుస్తుందట. గేటెడ్ కమ్యూనిటీల వాళ్లు రక్తపరీక్ష కాగితం, డాక్టరు సంతకం అడుగుతున్నారని వచ్చింది. మంచి మనిషి. యాదగిరిగుట్ట ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కా, మీ మొఖం చూస్తెనే నిమ్మలమైతది" అంది. పిల్లకు ఎర్రచున్నీ. మాట్లాడలేదు. సిగ్గు. నొప్పులేమైనా ఉన్నాయా అంటే లేవని పుణ్యవతి చెప్పింది. వయసు పంతొమ్మిదని పుణ్యవతే చెప్పింది. అద్దాలు లేవు కదా, రాసేశాను. ఎందుకైనా మంచిదని ఆమె నంబరు కూడా రాసుకున్నాను.

అంతే ఆ పొద్దున.

ఇవాళ దివ్య ఫోన్ చేసింది, తమ్ముడు మహేశ్ భార్య. బాబుకు ఎనిమిది నెలలు. దివ్య సెలవు అయిపోవచ్చింది. మణికొండలో వాళ్ల ఇంట్లో ఉండి బాబును చూసుకునే అమ్మాయి కావాలంది. పుణ్యవతి నంబరు ఇచ్చాను. మంచి మనిషి అని కూడా చెప్పాను.


జూన్ 30, సోమవారం

దివ్య మాట్లాడేసింది. గురువారం అమ్మాయిని తెస్తుందట. "పేరు రేఖంట వదినా. పందొమ్మిదేండ్లంట. చిన్నపిల్లలంటే పానమంట" అంది. బాబును ఎత్తుకునే మనిషి కదా, ముందు మా దగ్గరే రక్తపరీక్ష చేయిద్దామన్నాను. "నువ్వుండంగా మాకు దిగులేమిటికి వదినా" అంది. దివ్యది అనంతపురం. ఆమె మాట అమ్మకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. అర్థం కాని సగానికి ఎక్కువ నవ్వుతుంది.


జూలై 1, మంగళవారం

ఎర్రచున్నీ పిల్ల ఎక్కడ కుదిరిందో పుణ్యవతిని అడగాలి. ఊరికే.


జూలై 3, గురువారం

ఇవాళ చాలా రాయాలి.

పదిన్నరకు పుణ్యవతి వచ్చింది. వెంట ఉన్న పిల్ల వేసుకున్న కుర్తా ఆమెది కాదు. రెండు భుజాల దగ్గరా పిన్నీసులు పెట్టి బిగించారు.

"అక్కా, ఇగో మీ ఇంటి మనిషిని తెచ్చిన. మీరే కడుపుల పెట్టుకొని చూస్కోవాలె" అంది పుణ్యవతి.

"ఏం పేరమ్మా?" అన్నాను.

"రేఖ" అంది పుణ్యవతి.

"ఎన్నేళ్లు?"

"పందొమ్మిది" అంది పుణ్యవతి.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ" అంది పుణ్యవతి.

నాకు నవ్వొచ్చింది. పిల్ల కడుపులో ఏముందో కూడా ఈమే చెప్పాలా! ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. ఏప్రిల్‌లోనూ ఇంతే. అడిగినవన్నీ ఈమే చెప్పింది. నేనూ ఈమె ముఖం చూస్తూనే అడిగాను.

మా దగ్గర పద్ధతే అది. పేషంటును కుర్చీలో కూర్చోబెట్టి, తోడు వచ్చినవాళ్లను అడుగుతాం. ముసలాయన వస్తే కొడుకును, కోడలు వస్తే అత్తను. తప్పని ఎవరికీ అనిపించలేదు.

"బరువు చూడాలి, లోపలికి రా" అన్నాను పిల్లతో. పుణ్యవతి కూడా లేచింది.

"గది ఇరుకు. నువ్వు కూర్చో."

"పిల్లకు భయమక్కా, కొత్త కద."

"బరువు మిషనంటే భయపడేవాళ్లను రోజూ చూస్తాను. అందరూ నా వయసు వాళ్లే" అన్నాను. బెంచీ మీది ఆడవాళ్లు నవ్వారు. పుణ్యవతికీ నవ్వక తప్పలేదు. తలుపు వేశాను.

ముప్పై నాలుగు కిలోలు. పిన్నీసులతో కలిపి.

స్టూలు మీద కూర్చున్నాను. "నా పేరు సక్కుబాయి. ఇక్కడ నువ్వు చెప్పిన మాట ఆమెకు చేరదు. చెప్పాలని లేకపోతే చెప్పకు" అన్నాను.

పిల్ల గోడ మీది టీకాల పట్టిక మొదటి నుంచి చివరి దాకా చదివింది. తర్వాత అంది, "అక్కా, ఇది బెంగుళూరేనా?"

"కాదమ్మా. హైదరాబాదు."

"అదే అనుకుంటి. ఒక్క కన్నడ బోర్డూ ల్యాకపాయె."

పేరు రేఖ కాదు. సుంకమ్మ. "ఆ పేరు చెప్తే పెద్దిండ్లల్లో పని ఇయ్యరని ఆయమ్మ మార్చిందక్కా" అంది. "నా పేరు మాత్రం ఏమంత కొత్తది" అన్నాను. అప్పుడు పళ్లు కనిపించాయి. పద్నాలుగు నిండి రెండు నెలలు. అనంతపురం వైపు పల్లె. బెంగుళూరులో బట్టలు కుట్టే చోట పని, సాయంత్రం బడి అని వాళ్లమ్మకు చెప్పి తెచ్చారు. పదకొండు రోజులుగా ఒక గదిలో ఉంది. ఇంకో ముగ్గురు ఆడపిల్లలున్నారు. గడియ బయటి నుంచి. ఎదురుగా హాస్టలు, మగపిల్లలు బాల్కనీల్లో బట్టలు ఆరేస్తుంటారట. పుణ్యవతి మా రిజిస్టరులో ఇచ్చిన అడ్రసు నిజాంపేట. అక్కడ వీధివీధికీ హాస్టళ్లే, సరిపోయింది. ఆధార్ కార్డు పుణ్యవతి దగ్గరే ఉంది. "మాయమ్మతో మాట్లాడల్లంటే, పనిలో చేరినాంక మాట్లాడుదువులే అంటాది."

ఎవరైనా కొట్టారా, ఒంటి మీద చెయ్యి వేశారా అని అడిగాను. లేదంది. ఏడ్చినందుకు ఒకరోజు అన్నం పెట్టలేదంది.

"ఇంటికి వెళ్లాలనుందా?"

"పోవల్ల. ఆయమ్మ ముందర మాత్రం అడగొద్దక్కా."

"అడగను. నీకు సాయం చేసేవాళ్లను పిలవనా?"

కాసేపు ఆలోచించింది. "పిలువు" అంది.

డాక్టరుగారికి మూడు వాక్యాల్లో చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, పిల్లల హెల్ప్‌లైను 1098కి తానే ఫోన్ చేశారు. గంటన్నరలో వస్తామన్నారు, పోలీసులనూ తెస్తామన్నారు. అంతవరకు గొడవ పడొద్దు, అనుమానం రానివ్వొద్దన్నారు.

"గంటన్నర ఎలా కూర్చోబెడతామండీ?" అన్నారు డాక్టరుగారు.

"తిన్న రెండు గంటలకు షుగర్ చూస్తాం కదా సార్."

"పద్నాలుగేళ్ల పిల్లకా?"

"రక్తం కూడా తక్కువే ఉంది. కనురెప్ప కింద తెల్లగా ఉంది. మీరే చూడండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇంత జపం చేస్తారు, ఈ తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ!"

అబద్ధం కాదు. పరీక్ష నిజంగానే చేశాం. కాగితం ఉంది.

క్లినిక్ ముందు బండి నుంచి దోసెలు తెప్పించాను. పరీక్షకు కడుపునిండా తినాలన్నాను. ఒకటి తింది. రెండు తింది. మూడోది అయ్యాక, "ఇంగా తినల్లా అక్కా పరీక్షకు?" అంది.

"నీ ఇష్టం."

"అట్లయితే ఇంగోటి."

పుణ్యవతికీ ఒకటి పెట్టాం. నూనె ఎక్కువైందంది.

పన్నెండు దాటాక చుడీదార్ వేసుకున్న అమ్మాయి వచ్చి, టోకెన్ తీసుకుని వరుసలో కూర్చుంది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. పేషంటే అనుకుని బీపీ పట్టీ చుట్టాను. ఆమె కూడా బుద్ధిగా చెయ్యి చాచింది. నూట ఇరవై నాలుగు, ఎనభై. రాసుకున్నాక చిన్నగా, "నా పేరు రేణుక అమ్మా, హెల్ప్‌లైను నుంచి" అంది. మిగతా ఇద్దరూ మామూలు బట్టల్లో వచ్చిన పోలీసులు.

రేణుక బరువుల గదిలో సుంకమ్మతో మాట్లాడింది. తర్వాత పోలీసులు పుణ్యవతి దగ్గరకు వెళ్లారు. పుణ్యవతి అరవలేదు. మెత్తగా అంది, "ఏంది మేడం, నేనేదో ఎత్కపోయినట్టు అడుగుతున్నరు? ఈ అక్క తమ్మునింటికే కద తీస్కపోతున్న. నంబరు ఇచ్చింది కూడ ఈ అక్కనే. అడుగుండ్రి."

బెంచీ మీది వాళ్లందరూ నన్ను చూశారు.

"అవును, నేనే ఇచ్చాను" అన్నాను. గొంతు మామూలుగానే ఉంది. చేతిలోని బీపీ పట్టీని చుట్టాను, విప్పాను, మళ్లీ చుట్టాను.

సాయంత్రం రేణుక ఫోన్ చేసింది. నిజాంపేట గదిలో ముగ్గురు పిల్లలూ దొరికారు. క్షేమం. దేవుడికి దండం పెట్టుకున్నాను. ముగ్గురూ పోయిన నెలలో వచ్చినవాళ్లేనట.

పోయిన నెలలో. ఎర్రచున్నీ పిల్ల వచ్చింది ఏప్రిల్‌లో.


జూలై 4, శుక్రవారం

బరువుల గది తలుపు మీద అతికించమని డాక్టరుగారు స్వయంగా ఒక కాగితం రాసిచ్చారు. ఎవరికీ అర్థం కాలేదు. మందుల షాపు అతన్ని పిలిపించి చదివిద్దామా అని బెంచీ మీంచి ఎవరో అన్నారు. నేను మళ్లీ రాశాను: 'ఈ గదిలోకి ఒక్కరే. తోడు వచ్చినవారు బయట.'

లోపల అడగాల్సినవీ అనుకున్నాం. ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు, నీ కార్డు ఎవరి దగ్గరుంది, ఇంటికి ఫోన్ చేసుకుంటున్నావా. పిల్లలు చెప్పిన మాట చెప్పినట్టే చీటీలో రాయాలి. వయసు మాత్రం తోడు వచ్చినవాళ్లు చెప్పింది రాయకూడదు.

మొదటి రోజే ఒక పెద్దాయన, కోడలు బయట ఉండగా, రోజూ రెండు జిలేబీలు తింటున్నానని ఒప్పుకున్నాడు. గది బాగా పనిచేస్తోంది.

సాయంత్రం మహేశ్ ఫోన్. "అక్కా, గా పుణ్యవతి మనిషి ఎవడో ఫోన్ చేసిండు. కేసుల మీ పేరు గూడ వస్తది సార్ అంటుండు. కంపెనీల తెలిస్తె నా పనేంది? పిల్లను మాకు తెలియకుండ వాపస్ పంపియ్యొచ్చు కద నువ్వు?"

"ఎక్కడికి?"

"దివ్యను మెసేజులన్నీ తీసెయ్యమన్న" అన్నాడు.

"తీసేసిందా?"

"ఎప్పుడడిగినా బాబుకు పాలు పడ్తున్న అంటది."

"తీసెయ్యొద్దను."

ఫోన్ పెట్టేశాడు. నాన్న పోయాక వాణ్ని చదివించింది నేనే. ఇంత పరేషాన్‌లో వాడి గొంతు ఎప్పుడూ వినలేదు.


జూలై 5, శనివారం

రిజిస్టరులోని ఏప్రిల్ పేజీ సంగతి డాక్టరుగారికి చెప్పలేదు. ఇవాళ జనం ఎక్కువ.


జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఉపవాసం. అమ్మ పేలపిండి చేసింది. క్లినిక్ సెలవు కనక చెప్పడం కుదరలేదు.

జపంలో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది.


జూలై 7, సోమవారం

జూన్ 28న ఒక అబద్ధం రాశాను. ఆ పొద్దున అద్దాలు తీసుకున్నాను. ఫ్రిజ్ మీది నుంచి తీసి పెట్టుకునే బయల్దేరాను. ఎర్రచున్నీ పిల్ల నాకు బాగా కనిపించింది. పంతొమ్మిది కాదు. చేతిలో ప్రసాదం ఉంది, ఎదురుగా ఒక మనిషి అక్కా అక్కా అంటోంది, రాశాను.

పొద్దున్నే రిజిస్టరు తీసి డాక్టరుగారి ముందు పెట్టాను. చెప్పాను. ఆయన చాలాసేపు ఆ పేజీ చూశారు.

"సంతకం నాదేనండి" అన్నారు. "మీరు రాశారు కదా అని చూడకుండా పెట్టేశాను. ఎన్నేళ్లుగా ఇలా పెడుతున్నానో."

బయట ఎవరి పిల్లో దగ్గుతోంది.

"ఫొటో తీసి రేణుకగారికి పంపండి" అన్నారు. "మీ రాత, నా సంతకం రెండూ కనపడేలా తీయండి."

మధ్యాహ్నం రేణుక వచ్చింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. సుంకమ్మ తప్ప ఎవరూ తెలియదని పుణ్యవతి అంటోందట. నిజాంపేట గది ఎవరో చుట్టాలదట, తన ఫోన్ పోయిందట. ఇంతకుముందు పిల్లల్ని ఏయే ఇళ్లల్లో పెట్టిందో తెలియాలంటే, ఆమెతో మాట్లాడినవాళ్లు ఎవరైనా వచ్చి చెప్పాలి. ఇంతవరకు ఒక్కరూ రాలేదు. అందరికీ తమ పేరు బయటికొస్తుందని భయం.

"మీ మరదలి ఫోన్‌లో ఏమైనా ఉండొచ్చు కదమ్మా" అంది.

"అడుగుతాను" అన్నాను.


జూలై 9, బుధవారం

రక్తం బిళ్లలు ఇవ్వడానికని రేణుకతో కలిసి సుంకమ్మ ఉన్న హోమ్‌కు వెళ్లాను. వారం కూడా కాలేదు, అప్పుడే బుగ్గలు వచ్చాయి. వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడిందట. ఆమె వచ్చే వారం వస్తోంది. వంటమనిషికి పప్పులో ఏం తగ్గిందో ఈ పిల్ల రోజూ చెప్తోందట. వంటమనిషే నాతో చెప్పింది, కోపంగా కాదు.

"అక్కా, నాకు షుగర్ ఎంతొచ్చె?"

"తొంభై ఆరు."

"పాసేనా?"

"ఫస్ట్ క్లాస్."

సంతోషించింది. బడిలో తొంభై ఆరు ఎప్పుడూ రాలేదంది.

వచ్చేటప్పుడు అడిగింది, "మీ తమ్మునింట్లో బాబును ఎవరు చూస్తాండారక్కా ఇప్పుడు?"

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. వాళ్లమ్మే చూసుకుంటోందన్నాను.

"అదే మంచిది" అంది.


జూలై 10, గురువారం

మహేశ్‌కు మూడుసార్లు చేశాను. మీటింగులో ఉన్నాడు. మూడుసార్లూ.


జూలై 12, శనివారం

మధ్యాహ్నం అమ్మను తీసుకుని మణికొండ వెళ్లాను. చెప్పకుండానే.

గేటు దగ్గర ఆపారు. పేరు, ఫోన్ నంబరు, ఎవరింటికి, ఎందుకు. పైనుంచి దివ్య ఫోన్‌లో ఒప్పుకుంటే కాని వదల్లేదు. "నా కొడుకింటికి నేను పోతందుకు గింత పంచాయితా?" అని అమ్మ సెక్యూరిటీ అతన్ని నిలదీసింది. "కండ్ల ముందటున్న ముసల్దాన్ని ఆపుతరు. గా పొల్లనైతే కాగితం చూసి లోపలికి తోలుతుంటిరి గద!" అతనికేమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ కాగితాలు రాసేది నేనే.

మహేశ్ తలుపు తీశాడు. నాలుగు రోజుల గడ్డం. "ఏందక్కా, చెప్పకుంట వచ్చినవ్?"

"చెప్తే మీటింగులో ఉంటావు కదా."

అమ్మ పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు. దివ్య బాబును ఒళ్లో వేసుకుని ఉగ్గు పెడుతోంది. బాబు సగం తింటున్నాడు, సగం మీద చల్లుకుంటున్నాడు.

నేను కూర్చుని, నా ఫోన్‌లో ఏప్రిల్ పేజీ ఫొటో తీసి మహేశ్‌కు ఇచ్చాను. "ఇది నా చేతిరాత. ఇంకో పిల్ల. పంతొమ్మిది అని రాశాను. తెలిసే రాశాను. తర్వాత అదే నంబరు మీకు ఇచ్చాను. సోమవారం బాలల సంక్షేమ కమిటీ ముందు ఇది చెప్తాను. నిన్ను రమ్మనడానికి రాలేదు. నేను వెళ్తున్నానని నీకు ముందే తెలియాలని వచ్చాను."

"నీకేమన్న పిచ్చా అక్కా? నీ నౌకరీ పోతది!"

"పోతే నీ కొడుకును నేనే చూసుకుంటాను. మీకు మనిషి కావాలి కదా."

"నవ్వులాట గాదు."

"నేను నవ్వడం లేదు. ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు మహేశ్."

దివ్య బాబు మూతి తుడిచి, వాణ్ని అమ్మ ఒళ్లో పెట్టి, లోపలికి వెళ్లి తన ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నేను తీసెయ్యలే" అంది.

"తీసేసిన అన్నవ్ కదనే!" అన్నాడు మహేశ్.

"పాలు పడ్తున్న అంటి. తీసేసినానని యాడ చెప్తిని?" నా వైపు తిరిగింది. "ఆఫీసులో మనిషిని తీసుకునేటప్పుడు ఇంతకుముందు యాడ చేసినారని అడుగుతాం గదా వదినా. ఈయమ్మను కూడా అట్లనే అడిగితి. మూడు ఇండ్లు పంపించింది. ఫ్లాట్ నంబర్లు, పిల్లల ఫొటోలు. నేను వయసు చూడల్యా. ఇల్లు శుభ్రంగా ఉందా, బిడ్డ ఏడుస్తాందా, అదే చూస్తి."

మూడో ఫొటోలో బాల్కనీ. ఒక పిల్ల, చంకలో ఎవరిదో రెండేళ్ల పాప. చున్నీ లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. నేను అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాను. ఆమే.

మహేశ్ ఫోన్ లాక్కుని అడ్రసు చూశాడు. ముఖం మారిపోయింది. "గిది మన పక్క గేటే. రోజు పొద్దుగాల ఆ గోడ పొంటే ఉరుకుత నేను."

అమ్మ బాబును ఊపుతూనే అంది, "మరి ఇంకేం చూస్తున్నవ్ బిడ్డా?"

వాడే రేణుక నంబరు అడిగాడు. వాడే మాట్లాడాడు. పేరు, ఫ్లాటు, అన్నీ చెప్పాడు. ఆమె బయల్దేరుతున్నామంది, మీరెవరూ అక్కడికి వెళ్లొద్దంది. రెండు గంటలు ఎవరం టీ కూడా తాగలేదు. బాబు ఒక్కడే హాయిగా ఉన్నాడు, రిమోటు కొరుకుతూ.

ఆరున్నరకు రేణుక ఫోన్ చేసింది. పిల్ల వాళ్ల కారులో ఉంది. క్షేమం. అసలు పేరు ఇంకా చెప్పలేదు, తొందరేమీ లేదంది. గోడకవతల ఇన్నాళ్లూ ఉన్న పిల్ల అని మహేశ్ రెండుసార్లు అన్నాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి గడ్డం గీసుకొచ్చాడు. దివ్య నా పక్కన కూర్చుని ఏడ్చింది, అమ్మ ఆమెను చూసి ఏడ్చింది, అందరినీ చూసి బాబు నవ్వాడు.

తర్వాత అన్నం తింటూ నిర్ణయించుకున్నాం.

సోమవారం పదిన్నరకు అందరం వెళ్తున్నాం. దివ్య తన ఫోన్ అక్కడే అప్పగిస్తుంది. మహేశ్ తానూ రెండుసార్లు పుణ్యవతితో మాట్లాడానని, వయసు అడగలేదని రాసిస్తాడు. కంపెనీలో ఎవరో చెప్పేదాకా ఆగకుండా రేపు ఆదివారమైనా వాళ్ల మేనేజరుకు తనే ఫోన్ చేసి చెప్తాడు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, సోమవారం పొద్దున క్లినిక్ మూసి వస్తానన్నారు. ముప్పై ఏళ్లలో ఆదివారం కాక మూయడం ఇదే మొదటిసారట. బాబు సంగతి కూడా తేలింది. దివ్య ఆఫీసు కింద ఉన్న పిల్లల కేంద్రంలో మూడు రోజులు, మహేశ్ దగ్గర రెండు రోజులు. అమ్మ ఇక్కడే నెలరోజులుండి ఇద్దరి మీదా అజమాయిషీ చేస్తుందట. ఆమెనెవరూ అడగలేదు.

అక్కడ ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర వాదన వచ్చింది. ఇంటి పెద్దను నేనన్నాడు మహేశ్. ఫోన్ నాది అంది దివ్య. ఇంటికి పెద్దదాన్ని నేను, పంతొమ్మిది అని రాసిందీ నేను, ముందు నేనే చెప్తానన్నాను.

సరే అన్నారు.